వీడియోలో పడని కాలు

కుసుమకుమారి భీమిలి నుంచి విశాఖపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి తిరిగే సిటీ బస్సులో కండక్టరు. తెల్లవారకముందే లేచి, బైబిలు వాక్యం చదువుకుని, మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకున్నాకే ఖాకీ చొక్కా తొడుక్కునేది. మధురవాడలోని వాళ్ళ సంఘంలో ఆమె అంటే అందరికీ గౌరవం. ఉపవాస ప్రార్థన ఒక్కటీ మానేది కాదు. ఆమె పాట ఎత్తుకుంటే వెనక వరుసల వాళ్ళు కూడా గొంతు కలిపేవారు.

బస్సెక్కాక ఆ గొంతే వేరు. "లోపలికి జరగండమ్మా! మీ ఇంటి గుమ్మం అనుకున్నారేటి?" అని ఒక్క కేక వేసిందంటే కునికిపాట్లు పడుతున్న వాళ్ళు కూడా ఉలిక్కిపడి జరిగేవారు. ఆ కేకల గురించి ఆమె ఎప్పుడూ పెద్దగా ఆలోచించలేదు. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం చేశాక బస్సులు కిక్కిరిసిపోతున్నాయి, అరవకపోతే డ్యూటీ నడవదు. దేవుడికి ఇవ్వాల్సింది పొద్దున్నే ఇచ్చేశాను, ఇక ఈ పూట డిపోది అన్నట్టుండేది ఆమె.

ఆ వానాకాలంలో ఒకరోజు ఉదయం బస్సు తగరపువలసలోనే నిండిపోయింది. ముందు తలుపు దగ్గర కాసులమ్మ తన చేపల బేసిను పక్కన పెట్టుకుని నిలబడింది. కాసులమ్మ భీమిలి మనిషి, డెబ్బై దాటినా రేవులో వేలానికి పెట్టిన చేపలు పాడుకుని, మధురవాడ అపార్టుమెంట్లలో ఇంటింటికీ తిరిగి అమ్ముకుంటుంది. కొమ్మాది దగ్గర అడ్డంగా ఒక బైకు రావడంతో డ్రైవరు అర్జునరావు గట్టిగా బ్రేకు వేశాడు. బేసినులోని నీళ్ళు ఎగిరి, ఆఫీసుకి వెళ్తున్న ఒక అమ్మాయి బట్టల మీద పడ్డాయి. ఆ అమ్మాయి కెవ్వుమంది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకుని కాసులమ్మ మీద పడ్డారు.

కుసుమ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. "మూత గట్టిగా ఎట్టుకోమని ఎన్నిసార్లు సెప్పాలి నీకు? దిగు!"

"కార్‌షెడ్ స్టాపు కాడ దిగిపోతాను గదమ్మా. ఎంతసేపు, ఇక్కడే గదా."

"నాను సెప్పాను గదా, ఇక్కడే దిగు!" అని కుసుమ విజిల్ వేసింది.

బస్సు ఆగింది. కాసులమ్మ మెట్లు పట్టుకుని దిగి, బేసిను అందుకోవడానికి వెనక్కి తిరిగింది. వెనకాల లారీలు హారన్లు కొడుతున్నాయి. లోపల అందరూ 'పోనీయండి, పోనీయండి' అంటున్నారు. కుసుమ వంగలేదు. బూటుకాలు బేసిను అంచుకి ఆనించి ఒక్క తోపు తోసింది. బేసిను మెట్ల మీదుగా జారి రోడ్డు మీద బోర్లా పడింది. చేపలన్నీ బురదలో చెల్లాచెదురయ్యాయి.

కాసులమ్మ ఒక్క క్షణం వాటికేసి చూసింది. తర్వాత తలెత్తి తిట్లు లంకించుకుంది. "కూటి మీద కాలెడతావేటే! నీ కాలు ఇరిగిపోను! నీయమ్మ నీకు తిండెలా ఎట్టిందే!" అంటూ, రొమ్ము బాదుకుంటూ, నోటికొచ్చిన తిట్టల్లా తిట్టింది. కుసుమ మెట్ల మీద తల దించుకుని నిలబడిపోయింది. తిరిగి ఏమనడానికీ నోరు రాలేదు. తన కాలు చేసిన పని అప్పుడే ఆమెకి తెలిసొచ్చింది.

సరిగ్గా ఆ సమయానికే వెనక కిటికీలోంచి కాలేజీ కుర్రాడొకడు ఫోను బయటపెట్టి వీడియో తీశాడు.

సాయంత్రానికి ఆ వీడియో విశాఖపట్నమంతా తిరిగింది. అందులో బేసిను పడటం లేదు, కుసుమ కాలు లేదు. ఒక ముసలామె బస్సు తలుపు ముందు నిలబడి శాపనార్థాలు పెడుతోంది. ఖాకీ చొక్కాలో ఉన్న కండక్టరు ఒక్క మాట కూడా అనకుండా తల వంచుకుని అన్నీ భరిస్తోంది. 'ఈ అమ్మ ఓర్పుకి దండం పెట్టాలి' అని దాని కింద ఎవరో రాశారు.

కుసుమ డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి భర్త ఉదయ్‌కుమార్ ఫోను పట్టుకుని వెలిగిపోతున్న మొహంతో కూర్చున్నాడు. అతను మధురవాడ ఆఫీసులకు క్యాబ్ నడుపుతాడు. "మా స్టాండులో అందరూ నీ గురించేనే! మీ ఆవిడ దేవత బావా అంటన్నారు. మనవాళ్ళందరికీ పంపించేసాను," అన్నాడు.

"అది సగమేనండి," అంది కుసుమ.

"సగమైతే ఏటి? తక్కువ తిట్టిందా ఆవిడ?" అని అతను మళ్ళీ వీడియో పెట్టుకున్నాడు. కుసుమ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు డిపో మేనేజరు పిలిచి మెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం పాస్టరుగారి భార్య సత్యశ్రీ ఫోను చేసింది. "కుసుమా, వచ్చే శనివారం పెందుర్తిలో స్త్రీల సభలు. అన్ని సంఘాల వాళ్ళూ వస్తారు. ఈసారి అంశం ఏంటో తెలుసా? అనుదిన జీవితంలో పరిశుద్ధత. నువ్వు వేదికెక్కి నీ అనుభవం సాక్ష్యంగా చెప్పాలమ్మా. పరిశుద్ధత గుడిలో కాదు, పని దగ్గర తెలుస్తుందని నేనెన్నిసార్లు చెప్పినా ఎవరి బుర్రకీ ఎక్కలేదు. నీ వీడియో చూసి అందరికీ అర్థమైంది."

కుసుమ కాదనలేకపోయింది. 'వీడియో నేను తీయలేదు. నేనెవరికీ అబద్ధం చెప్పలేదు. వాళ్ళే అనుకుంటున్నారు' అని తనకు తాను సర్దిచెప్పుకుంది. రోజూలాగే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసేది. మాటలు వచ్చేవి. కానీ లేచాక, ఎదురుగా ఎవరూ లేని గదిలో తానొక్కతే మాట్లాడుకుని లేచినట్టుండేది.

కాసులమ్మ మళ్ళీ బస్సులో కనిపించలేదు.

శుక్రవారం ఉదయం భీమిలి బస్టాండులో బండి బయలుదేరే ముందు అర్జునరావు టీ తాగుతూ ఆ సంగతి ఎత్తాడు. అతను శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం మనిషి. చాలాకాలంగా ఇద్దరూ ఒకే బండి మీద డ్యూటీ చేస్తున్నారు.

"సెల్లెమ్మా, ఆ ముసల్ది ఏటైపోనాదో తెలుసా నీకు?"

"తెల్దన్నా."

"మన కండట్రులెవళ్ళూ దాన్ని బస్సెక్కనివ్వట్లేదు. మన కుసుమని తిట్టినాదని. ఆటోల మీద పడి మధురవాడ ఎల్తే, అక్కడ అపార్టుమెంటోళ్ళు గేటు కాడే ఆపేత్తన్నారట. వీడియోలో ముసల్ది నువ్వే కదా, నీ కాడ సేపలు కొనం అని." అర్జునరావు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నువ్వు కాలెట్టి తొయ్యడం నాను సూసాను. నన్నెవరూ అడగలేదు, నాను సెప్పలేదు. మీ దేవుడు సూసాడో నేదో నాకు తెల్దు గానీ, అద్దంలో నాకు బాగానే కనిపించినాది."

తాను ఊరికే ఉండటమే సరిపోతుందనుకుంది కుసుమ. తనకొచ్చిన మంచిపేరు ఇంకొకరి కూడు తీస్తోందని ఆమెకి తట్టనే లేదు.

ఆ రోజు బస్సులో ఆమె టికెట్లు కొడుతున్నా మనసు పెందుర్తి మీదే ఉంది. సభలో నిజం చెప్పేస్తే? చెప్పొచ్చు. అందరూ కళ్ళు తుడుచుకుంటారు, 'ఎంత తగ్గింపు, ఎంత వినయం ఉన్న మనిషి' అంటారు. ఆ ఒప్పుకోలుకి కూడా తనకే పేరొస్తుంది. అలా కాదు. ముందు ఎవరి కూడు తోసిందో వాళ్ళ ముందు నిలబడాలి. ఆ నిర్ణయం తీసుకున్నాక, అన్ని రోజుల తర్వాత మొదటిసారి, ఆమెకి ఊపిరి తేలిగ్గా ఆడింది.

డ్యూటీ దిగగానే తిన్నగా భీమిలి వెళ్ళే బస్సెక్కింది. రేవు పక్కన చేపలు ఎండబెట్టిన ఇసుకలోంచి నడిచి, అడుగుతూ అడుగుతూ కాసులమ్మ ఇల్లు పట్టుకుంది. రేకుల ఇంటి ముందు కాసులమ్మ చిరిగిన వల పరుచుకుని కూర్చుంది. కుసుమని చూసి గుర్తుపట్టి, మళ్ళీ వల మీదకి తల వంచేసింది.

"మామ్మా, నాను తప్పు సేసాను. నీ బేసిను కాలుతో తోసాను. నన్ను చమించు," అంది కుసుమ, ఇసుకలోనే కూర్చుంటూ.

"ఇంకెవళ్ళైనా వచ్చారా నీతోటి?"

"నేదు మామ్మా. నానొక్కదాన్నే వచ్చాను."

"అదీ సంగతి." కాసులమ్మ వల పక్కన పడేసింది. "నాను తిట్టింది ఊరంతా సూసింది. నా మనవరాలు కాలేజీకి ఎల్తే, మీ మామ్మ ఈడియో సూసామే అని నవ్వతన్నారట. నువ్వు మాత్రం ఎవళ్ళూ సూడకుండా ఇంటికొచ్చి చమించమంటావు. నా పరువు బజార్లో పోయింది తల్లీ. బజార్లోనే తెచ్చియ్యి. అప్పుడు సూద్దాం చమించడం గురించి."

ముసలామె అడిగినదాంట్లో కుసుమకి తప్పేమీ కనిపించలేదు. "సరే మామ్మా. రేపు పెందుర్తిలో సెప్తాను. అందరూ సూసేలాగే సెప్తాను," అంది లేస్తూ.

"సెప్పినాక రా," అంది కాసులమ్మ.

ఇంటికెళ్ళి భర్తకి జరిగిందంతా చెప్పింది. ఉదయ్‌కుమార్ మొహం మాడిపోయింది. "నీకేటైనా మతి పోయిందా? డిపోలో తెలిస్తే ఉద్యోగం ఊడదీస్తారు. ఆవిడకి ఏదో సాయం సేసి ఊరుకోకూడదా?"

"సాయం కాదండి, నాను ఆవిడకి బాకీ ఉన్నది నిజం సెప్పడం. ఉద్యోగం పోతే ఇంకోటి సూసుకుందాం. నాకేం బయం నేదు."

ఆమె గొంతులో వణుకు లేదు. అతను ఫోను పక్కన పెట్టి, "నాను కూడా వస్తానుండు రేపు," అన్నాడు.

పెందుర్తిలో షామియానా కింద ఆడవాళ్ళు వరుసల నిండా కూర్చున్నారు. సత్యశ్రీ మైకు ముందుకు వచ్చి కుసుమను పరిచయం చేసింది. వేదిక పక్కన పెట్టిన తెర మీద ఆ వీడియో వేశారు. కాసులమ్మ తిట్లు స్పీకర్లలోంచి మోగాయి. కొందరు చెవులు మూసుకున్నారు. కుసుమ తల దించుకుని నిలబడిన చోట చప్పట్లు మోగాయి.

కుసుమ మైకు అందుకుంది. అలవాటుగా, "ప్రభువునందు ప్రియ సహోదరీలారా," అని మొదలుపెట్టి ఆగిపోయింది. తర్వాత తన మాటల్లోనే చెప్పింది.

"అమ్మా, మీ అందరి కాడా ఫోన్లున్నాయి గదా. తియ్యండి. నాను సెప్పేది రికార్డు సెయ్యండి. మీరు సూసిన వీడియో అబద్ధం కాదు, కానీ దాని ముందు జరిగింది అందులో పడలేదు. ఆ మామ్మ పేరు కాసులమ్మ. కార్‌షెడ్ దాకా ఆగు తల్లీ అని నన్ను బతిమాలింది. నాను ఆగలేదు. ఆవిడ దిగి సేపల బేసిను అందుకునే లోపల దాన్ని బూటుకాలితో తోసేసాను. సేపలన్నీ బురదలో పడ్డాయి. అందుకే ఆవిడ తిట్టింది. నాను ఓర్చుకుని మాట్లాడకుండా ఉండలేదమ్మా, మాట్లాడడానికి మొహం నేక ఉన్నాను. దాన్ని మీరు ఓర్పు అన్నారు, దీర్ఘశాంతం అన్నారు. నాను కాదనలేదు. ఆ పేరు బాగుంది, ఉంచేసుకున్నాను. నా మూలాన ఆవిడ్ని బస్సులెక్కనివ్వట్లేదు, సేపలు కొనట్లేదు."

ఎత్తిపట్టిన ఫోన్లు కనిపిస్తున్నాయి.

"పరిశుద్ధత గురించి సెప్పమన్నారు. పొద్దున్న మోకాళ్ళ మీదుండగానే నాను పరిశుద్ధురాలినైపోయాననుకునేదాన్ని. తలా, సేతులూ, గొంతూ దేవుడికిచ్చాను. కాలు మాత్రం నా కాడే ఉంచుకున్నాను. ఆయనకి నా కాలు కూడా కావాలంట. ఇచ్చేత్తన్నాను. ఆయన దాన్ని బాగు సేసుకోగలడు, ఆ నమ్మకం నాకుంది. ఈ వీడియో కూడా అందరికీ పంపించండి. అదే నా సాక్ష్యం."

చప్పట్లు లేవు. సత్యశ్రీ మొహం ఎర్రబడింది. కిందికి దిగాక కుసుమను పక్కకి పిలిచి, "ఈ మాట ముందు నాతో చెప్పి ఉండాల్సింది కదమ్మా. అందరి ముందూ నన్నేం చేశావు?" అంది.

"ముందే సెప్పుంటే తెర మీద అది వెయ్యనిచ్చేవారు కాదు అమ్మగారూ. దాన్ని సూసినోళ్ళ ముందే సెప్పాలి గదా. మీకు సెప్పకపోవడం మాత్రం తప్పే. చమించండి."

సత్యశ్రీ మైకు దగ్గరికి వెళ్ళి, తాను చెప్పాలనుకున్న ప్రసంగం పక్కనపెట్టి, ఎవరైనా ఎవరికైనా ఏదైనా సరిచేసుకోవాల్సి ఉంటే భోజనాల కంటే ముందు వెళ్ళి సరిచేసుకోమంది. ఇద్దరు తోడికోడళ్ళు లేచి షామియానా బయటికి నడిచారు. ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో ఏడుస్తూ మాట్లాడిందింకొకామె. భోజనాలు బాగా ఆలస్యమయ్యాయి.

ఆ రెండో వీడియో మొదటిదానికంటే వేగంగా తిరిగింది. నిన్నటిదాకా దండం పెట్టినవాళ్ళే ఇప్పుడు నాలుగు తిట్లు రాశారు. డిపో మేనేజరు పిలిపించి, "నిన్ను మెచ్చుకున్నందుకు నాకు చీవాట్లు పడ్డాయమ్మా," అన్నాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి, "తొయ్యలేదని ఒక్క మాట రాసియ్యి. అర్జునరావు కూడా సంతకం పెడితే ఇది ఇక్కడితో ఆగిపోతుంది," అన్నాడు.

"తోసానండి," అంది కుసుమ.

ఆమెను కొంతకాలం డ్యూటీ నుంచి తప్పించారు. బ్యాగూ మిషనూ అప్పగించి బయటికి వస్తుంటే అర్జునరావు ఎదురుపడ్డాడు. "అయితే సెప్పేసావన్నమాట," అన్నాడు. గేటు దాకా ఆమె పక్కనే నడిచి వచ్చాడు.

మర్నాడు ఉదయం కుసుమ భీమిలి వెళ్ళింది. కాసులమ్మ అప్పటికే బేసిను నింపుకుని బయలుదేరుతోంది. మనవరాలు ఫోనులో చూపించినట్టుంది, ఆమెకి అంతా తెలుసు.

"సెప్పావంట."

"సెప్పాను మామ్మా. ఇంకా అపార్టుమెంటోళ్ళకి సెప్పాల. పద, నీతోటి వస్తాను."

ఇద్దరూ కలిసి బస్సెక్కారు. ఆ బండి కండక్టరు కుసుమను చూసి మొహం తిప్పుకున్నాడు గానీ కాసులమ్మను దిగమనలేదు. కార్‌షెడ్‌లో దిగి, ఒక్కో గేటుకీ వెళ్ళారు. వాచ్‌మన్ అడ్డం వస్తే, "వీడియోలో కండట్రుని నాను. తప్పు నాది, ఆవిడది కాదు. లోపలికి పంపండి," అనేది కుసుమ. కొన్నిచోట్ల పంపారు. ఒకచోట పైనుంచి ఒకాయన, "మీ ఇద్దరి గొడవ మా కాంపౌండ్‌లో వద్దు," అని కసిరాడు. కుసుమ అతనికేసి చూసి, "సరేనండి, రేపు మళ్ళీ వస్తాం," అంది మామూలుగా. మర్నాడు నిజంగానే వెళ్ళారు. డ్యూటీ లేనన్నాళ్ళూ వెళ్తూనే ఉన్నారు. బేసిను బరువు ఎంతో, మెట్లు దిగుతుంటే చేపనీళ్ళు మెడ మీదుగా ఎలా కారతాయో కుసుమకు తెలిసింది.

ఒకరోజు ఇద్దరూ ఒక అపార్టుమెంటు నీడన కూర్చుని టిఫిను తింటున్నారు.

"నువ్వు నన్ను చమించావా మామ్మా?" అని అడిగింది కుసుమ.

కాసులమ్మ ఇడ్లీ నమిలి మింగింది. "నాకు తెల్దు. ఆ రోజు గుర్తొత్తే ఇంకా ఒళ్ళు మండుతాది. నిన్ను సూత్తే మాత్రం మండట్లేదు." కాసిని మంచినీళ్ళు తాగి, "మీ దేవుడు సెప్పాడా నీకు, నా ఎనకాల ఇలా తిరగమని?" అంది.

"ఆయనే."

"నా గంగమ్మ తల్లికి దండమెట్టుకుని ఒత్తాను నాను రోజూ. ఆవిడేటీ సెప్పలేదు నీ గురించి." కాసులమ్మ నోరంతా తెరిచి నవ్వింది. కుసుమకు కూడా నవ్వొచ్చింది. ఇద్దరూ అలా నవ్వుతుంటే మెట్లు దిగుతున్నవాళ్ళు ఆగి చూశారు.

వానలు తగ్గాక కుసుమను మళ్ళీ డ్యూటీలోకి తీసుకుని పెందుర్తి రూటుకి వేశారు. కొత్త డ్రైవరు, కొత్త జనం. కొందరు గుర్తుపట్టి గుసగుసలాడుకున్నారు. ఆమె పట్టించుకోలేదు. లోపలికి జరగమని అక్కడా కేకలు వేసింది. కేక వేయకపోతే బస్సు నడవదన్న సంగతి ఇప్పటికీ నిజమే.

రెండోవారంలో ఒకరోజు సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ, కాలేజీ లెక్చరరులా ఉన్న ఒకాయన ఫుట్‌బోర్డు మీద నిలబడి ఎంతకీ పైకి రాడు. కింద ఒక గర్భిణి ఎక్కలేక అవస్థ పడుతోంది. కుసుమ పిలిచింది. ఆయన వినలేదు. మళ్ళీ పిలిచింది. "నీకిచ్చే జీతానికి ఇంత అరుపు అక్కర్లేదులే," అన్నాడాయన.

కుసుమ లోపల ఆ పాత మంట ఒక్కసారిగా లేచింది. "ఓయ్, సదువుకున్న గాడి—" దాకా వచ్చేసింది మాట. అక్కడే ఆగింది. ఆమె ఒక్క ఊపిరి తీసుకుంది.

"ఆ మాట అనకూడదు సార్. తప్పు నాదే, చమించండి," అంది అందరికీ వినిపించేలా. ఆ గొంతు తగ్గించకుండానే, "కానీ మీరు పైకి రావాలి. ఆ అమ్మాయి ఎక్కేదాకా బస్సు కదలదు," అంది.

ఆయన ఏదో అనబోయి, అనకుండా లోపలికి జరిగాడు. కుసుమ కిందికి వంగి ఆ గర్భిణి చెయ్యి పట్టుకుని పైకి లాగింది. ముందు సీటులో కూర్చున్న పెద్దాయన తనంతట తానే లేచి చోటిచ్చాడు.

ఆ గర్భిణి కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటూ, "మీకు కోపమే రాదేటక్కా?" అని అడిగింది.

"వస్తాదమ్మా, బాగా వస్తాది," అంది కుసుమ టికెట్టు మిషను తీస్తూ. "ఈమధ్య దాని కంటే ముందు ఇంకొకాయన వచ్చేత్తన్నాడు. ఎక్కడ దిగాలి నువ్వు?"